ఏజీ బీఎస్సీ తప్ప వేరేది వద్దంటున్నాడు

ప్రశ్న: మా బాబు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. చిన్నప్పుడే సీజీడీ (క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్) అని తేల్చారు. రోజూ సెప్ట్రాన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (బూజు రాకుండా వేసే మందు) వేసుకుంటాడు. వాళ్ల నాన్న పొలం చూస్తూ పెరిగాడు, ఏజీ బీఎస్సీయే చదువుతానంటున్నాడు. పంపొచ్చా?

జవాబు: పంపొద్దమ్మా. మార్కులు ఎన్ని వచ్చినా నా మాట ఇదే.

ఈ జబ్బులో తెల్లరక్తకణాలు క్రిమిని మింగుతాయి గానీ చంపలేవు. చంపే రసాయనాన్ని తయారుచేసే ఎంజైమ్ పనిచేయదు. చావని క్రిమి చుట్టూ కణాలు పోగై గడ్డ కడతాయి, అవే గ్రాన్యులోమాలు. మీవాడికి అసలు శత్రువు ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. అది ఉండేదెక్కడ? కంపోస్టు గుంతలో, తడిసి ముక్కిన వరిగడ్డిలో, కుళ్లిన ఆకుల్లో. ఏజీ బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో వీటిని తప్పించుకోలేం. చివరి ఏడాది పల్లెల్లో రైతుల దగ్గర పనిచేయడం కూడా కోర్సులో భాగమే. కంపోస్టు తిరగేసి పక్క కుర్రాడు చేతులు కడుక్కుని మెస్‌కి వెళ్లిపోతాడు. మీవాడు అదే దుమ్ము పీలిస్తే వారం పది రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చే న్యుమోనియా రావచ్చు. మాత్రలు వేసుకుంటున్నాడు కదా అని ధీమా వద్దు.

మైక్రోబయాలజీ, ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) కూడా పక్కన పెట్టండి. అక్కడ బూజును ప్లేట్లలో పెంచుతారు.

మరి పంట మీద ఇష్టం? అది వదులుకోనక్కర్లేదు. డిగ్రీలో జెనెటిక్స్ తీసుకుని బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్తే వరి జన్యువులను కంప్యూటర్ మీదే చదవొచ్చు. లెక్కలంటే భయం లేకపోతే స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివి పంటల బీమా, ధరల అంచనాల వైపు వెళ్లొచ్చు. నన్నడిగితే మొదటిదే మేలు. తన జబ్బు కూడా ఒక జన్యువులో లోపమే కాబట్టి ఆ పుస్తకం వాడికి బోరు కొట్టదు.

వికలాంగుల కోటా మీద ఆశ పెట్టుకోకండి. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి గానీ ఈ జబ్బు పేరు లేదు. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో మాత్రం ఉంది, మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడితో నయమయ్యే జబ్బుల కింద. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఆ విధానం కింద కేంద్రాలు. మార్పిడి చేయించే వీలుందేమో డాక్టరు గారిని అడగండి. అది సక్సెస్ అయితే పొలం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ఏ కాలేజీ అయినా ఫీజు కట్టే ముందు హాస్టల్ గది చూసి రండి. గోడకు చెమ్మ, పక్కనే పాత బిల్డింగ్ కూల్చే పని ఉంటే అక్కడ వద్దు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు గడ్డివాము దగ్గరికి మాత్రం వాళ్ల నాన్ననే వెళ్లమనండి.