మామయ్యగారి నొప్పి మాత్రలు, కాళ్ల సంగతి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మామయ్యగారికి వేళకు వేసే మార్ఫిన్ కాకుండా, మధ్యలో నొప్పి ఎగదన్నినప్పుడు ఇచ్చే మాత్ర రోజుకు ఎన్నిసార్లు ఇవ్వొచ్చని అడిగావు. డాక్టరుగారు రాసిచ్చిందే లెక్క. మామూలుగా రోజు మొత్తానికి పడే మార్ఫిన్‌లో ఆరో వంతును ఒక ఎక్స్‌ట్రా డోసుగా ఇస్తారు. ఆయనకు రోజుకు 60 మిల్లీగ్రాములు కాబట్టి 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. వేసిన అరగంటకు ఉపశమనం మొదలవుతుంది. అలవాటైపోతుందని భయపడి ఆయన్ని ఓర్చుకోమనకు.

అయితే ఎన్నిసార్లు ఇవ్వొచ్చన్న దానికంటే, ఎందుకు ఇవ్వాల్సి వస్తోందో కనిపెట్టడం ముఖ్యం. ఆయనది ప్రొస్టేట్ క్యాన్సర్, పైగా వెన్నుపూసలకు పాకింది. అలాంటివాళ్లలో గడ్డ పెరిగో, పూస కుంగో వెన్నుపాము మీద ఒత్తిడి పడొచ్చు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనూ, ఎముక మజ్జలో వచ్చే మైలోమా అనే క్యాన్సర్‌లోనూ ఇది చూస్తాం. చాలామందిలో కాళ్లు దెబ్బతినడానికి వారాల ముందే నొప్పి తీరు మారుతుంది. ఆ వారాలను పోగొట్టుకోకూడదు. క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక నోటుబుక్కు పెట్టు. ఎక్స్‌ట్రా మాత్ర ఇచ్చిన ప్రతిసారీ టైము, అప్పుడాయన ఏం చేస్తున్నారు, నొప్పి ఎక్కడ అన్నది ఒక్క లైనులో రాయి. స్నానానికి లేపినప్పుడే వస్తోందనుకో, అది కదలిక వల్ల వచ్చేది. అరగంట ముందు మాత్ర ఇచ్చి లేపు. వేళ మాత్రకు గంట ముందు రోజూ మొదలవుతోందంటే డోసు చాలడం లేదు, డాక్టరుగారు సరిచేస్తారు. ఈ రెండింటికీ హైరానా పడక్కర్లేదు. కానీ మొన్నటిదాకా రోజుకు ఒకటితో సరిపోయినవాళ్లకు ఇప్పుడు మూడు, నాలుగు కావాల్సి వస్తోందంటే, ఇంకో మాత్ర ఇచ్చి ఊరుకోకుండా ఆ రోజే ఫోన్ చెయ్యి.

వెన్నుపాము నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే ఎక్కువవుతుంది. ఆయన రాత్రిళ్లు మంచం మీద ఉండలేక కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నారా, చూడు. దగ్గినా, తుమ్మినా, దొడ్డికి ముక్కినా వెన్నులో జివ్వుమంటుంది. ఒక్కోసారి వీపు నుంచి ఛాతీ చుట్టూ బెల్టు బిగించినట్టు ఉంటుంది. ఈ ఒత్తిడి ఎక్కువగా పడేది వీపు భాగంలోని పూసల దగ్గరే కాబట్టి నొప్పి అలా ముందుకు చుట్టుకొస్తుంది. ఇళ్లల్లో దాన్నే గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర వేసి పడుకోబెడతారు!

ఇక కాళ్లు. రోజూ పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమను. నడుస్తుంటే కాలి చెప్పు తనకు తెలియకుండానే జారిపోతోందా, గడప దాటుతుంటే బొటనవేలు తగులుతోందా గమనించు. దూది మీద నడుస్తున్నట్టుందనో, కాళ్లు తిమ్మిరెక్కాయనో అంటే నవ్వి వదిలెయ్యకు. నీరసానికీ దీనికీ తేడా తెలుస్తుందిలే. నీరసమైతే ఒళ్లంతా ఉంటుంది. ఇందులో చాలాసార్లు చేతులు బాగానే ఉంటాయి, గ్లాసు గట్టిగానే పట్టుకుంటారు, కాళ్లే మాట వినవు.

నువ్వు పొరబడే అవకాశం ఉన్న చోటు ఇంకొకటుంది. మార్ఫిన్ వేసుకునేవాళ్లకు మలబద్ధకం మామూలే, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాశారు. ప్రొస్టేట్ జబ్బున్నవాళ్లకు మూత్రం సన్నగా రావడమూ మామూలే. అందువల్ల ఇంట్లో అందరూ ‘అది మందు వల్లే, ఇది జబ్బు వల్లే’ అని సర్దుకుపోతారు. కొత్తగా మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, పిరుదుల దగ్గర, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గినా సర్దుకుపోవద్దు. ఆయన సిగ్గుపడి నీతో చెప్పరు. కోడలివి కదా! ఈ విషయాలు అడిగే పని మీ ఆయనకు అప్పజెప్పు.

నొప్పి తీరు మారి, కాళ్లలో గానీ మూత్రంలో గానీ తేడా కనిపిస్తే గంటల లెక్క మొదలైనట్టే. అమావాస్య వెళ్లనీ, సోమవారం ఓపీలో చూపిద్దాం అనే మాట మీ ఇంట్లో ఎవరు అన్నా వినకు. వైద్యం మొదలయ్యేనాటికి నడుస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాతా నడుస్తారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక మళ్లీ లేచి నడిచినవాళ్లు కొద్దిమందే. నూనె రాసి రుద్దించడం, పిల్లల చేత నడుము తొక్కించడం, కట్టు కట్టించడం, ఆర్‌ఎంపీ చేత నొప్పి ఇంజెక్షన్ వేయించి రెండ్రోజులు చూడటం, ఇవేవీ వద్దు. పాకిన పూస పెళుసుగా ఉంటుంది, రుద్దితే విరగొచ్చు.

ఆటోలోనో బస్సులోనో కూర్చోబెట్టి తీసుకెళ్లకు. 108కి ఫోన్ చేసి ‘క్యాన్సర్ వెన్నుపూసకు పాకింది, కాళ్లు బలహీనమయ్యాయి’ అని ముందే చెప్పు. వెల్లకిలా పడుకోబెట్టి, వెన్ను మెలిక పడకుండా దుప్పటితో సహా నలుగురు ఒకేసారి ఎత్తాలి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మీకు ఫైలు ఉంది కాబట్టి వాళ్లకు ఫోన్ చేసి, ఎక్కడికి తీసుకురమ్మంటే అక్కడికి వెళ్లండి. ఎమ్మారై, రేడియేషన్ రెండూ అందే చోటు కావాలి. ఎక్స్‌రే బాగుందంటే తృప్తిపడొద్దు, అందులో ఇది తప్పిపోవచ్చు. ఎమ్మారై వెన్ను మొత్తానికి తీయాలి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఒత్తిడి ఉండొచ్చు. కాళ్లలో తేడా ఉంటే 24 గంటల్లో తీయాలంటారు. స్కానింగ్‌లో కదలకుండా పడుకోవాలి, ఆయనకు పడుకుంటేనే నొప్పి. అందుకని అరగంట ముందే ఎక్స్‌ట్రా మాత్ర వేయమని అక్కడ సిస్టర్‌కి గుర్తు చెయ్యి.

వైద్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. వాపు తగ్గడానికి ముందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, తరచుగా రోజుకు 16 మిల్లీగ్రాములు. మామయ్యగారికి షుగర్ ఉంది కదా, అది పెరుగుతుంది, రోజూ చూపించండి. డాక్టరు చెప్పకుండా ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదు. తర్వాత రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది ఒక్క రోజు పెట్టొచ్చు, 5 రోజులో 10 రోజులో పెట్టొచ్చు. ఒత్తిడి ఒకేచోట ఉండి, ఒంట్లో శక్తి ఉంటే ఆపరేషన్ గురించి కూడా అడగండి. 2005లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, అలాంటివాళ్లలో ఆపరేషన్, రేడియేషన్ రెండూ చేయించుకున్నవాళ్లు 84 శాతం మంది నడవగలిగారు, ఒక్క రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 57 శాతం. అందరికీ ఆపరేషన్ సరిపడదు, అది సర్జన్‌గారు తేల్చాలి.

ఇదంతా చదివి టెన్షన్ పడి మార్ఫిన్ ఆపేయకు. నొప్పి కప్పబడిపోతే జబ్బు తెలియదేమో అని కొందరు మాత్ర ఇవ్వకుండా ఆపుతారు. కాళ్లలో శక్తి తగ్గితే మార్ఫిన్ దాన్ని దాచిపెట్టదు, కుర్చీలోంచి లేవమన్నప్పుడు అది బయటపడుతుంది. మాత్రలు మాత్రం ఎప్పుడూ వారం ముందే లెక్క చూసుకో, మీ ఊళ్లో మెడికల్ షాపులో మార్ఫిన్ దొరకదు. చీటీ, ఫైలు, పాత స్కాన్లు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒకే సంచిలో పెట్టి బీరువా పక్కనే వేలాడదియ్యి. ఆ సంచి ఎక్కడుందో మీ మరిదికి కూడా చూపించు. ఆదివారం నోటుబుక్కు పేజీ ఫొటో తీసి నాకు పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ