ఎన్నారై సందేహాలు: ‘మీ దేవుడికి ఏనుగు తల ఏమిటి?’ అని అడిగితే

మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నుంచి ఉత్తరం రాసిన అమ్మాయికి,

మీ ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. ఏనుగు తలకు మొక్కేవాళ్ళు నరకానికి పోతారని బడిలో తోటి పిల్లవాడు మీ అబ్బాయితో అన్నాడు. తలుపు మీద స్వస్తిక్ చూసి ఇంటి ఏజెంటు ముఖం మాడ్చుకుంది. ఆఫీసులో ఒకరు మీ కులమేమిటని అందరి ముందూ అడిగారు. మూడింటికీ చట్టం ఏమంటుందో చెప్పమన్నారు. మీరున్న విక్టోరియా రాష్ట్రంలో 2022 డిసెంబరు 29 నుంచి, మన స్వస్తిక్‌ను పోలిన నాజీ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం నేరం. హిందువులు, బౌద్ధులు, జైనులు తమ ఆచారం ప్రకారం స్వస్తిక్ పెట్టుకోవడానికి ఆ చట్టమే మినహాయింపునిచ్చింది. ఉద్యోగంలోనూ చదువులోనూ మతాన్ని బట్టి వివక్ష చూపకూడదని 2010 నాటి సమాన అవకాశాల చట్టం చెబుతోంది. మిగిలిన వివరాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి, ఈ కాలం వాళ్ళు నాకంటే త్వరగానే వెతుక్కుంటారు. నన్ను కలవరపెట్టింది మీరు రాయని నాలుగో సంగతి. ఇవన్నీ జరిగాక మీరు ఎవరితో చెప్పుకున్నారు? ఉత్తరమంతా చదివినా ఒక్క స్నేహితురాలి ప్రస్తావన గాని, ఒక్క ఇరుగుపొరుగు ఊసు గాని నాకు కనబడలేదు.

గోంగూర కట్టలు, ఇడ్లీ పిండి ఇంటి పక్కనే దొరికే చోట ఉన్నారు కాబట్టి, మేము వచ్చిన రోజులు ఎలా ఉండేవో మీకు చెప్పినా నమ్మబుద్ధి కాదు. 2006 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో హిందువులు నూటికి ఒక్కరు కూడా లేరు. 2021 నాటికి 2.7 శాతమయ్యారు. ఆ నూటికి ఒక్కరు కూడా లేని కాలంలో నేను శుక్రవారం నాడు అద్దె ఇంటి గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తలుపు మీద స్వస్తిక్ దిద్దేదాన్ని. తనిఖీకి వస్తున్నామని ఏజెంటు దగ్గర నుంచి కాగితం రాగానే తడిగుడ్డ పట్టుకుని అంతా తుడిచేసేదాన్ని. తెల్ల రంగు వేసిన చెక్క మీద పసుపు మరక ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. ఇంటికి అడ్వాన్సుగా కట్టిన బాండ్ డబ్బులో కోత పెడతారేమోనని ఒక భయం, ఇదేమిటని నిలదీస్తే ఏం చెప్పాలో తెలియక ఇంకో భయం.

అలా దాచి దాచి విసుగు పుట్టి, ఒకనాడు తుడవడం మానేశాను. సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దావిడ ఏదో పని మీద వచ్చి, తలుపు చూసి, ఈ గుర్తు ఇక్కడ ఎందుకుందని అడిగారు. నేను అందుకున్నాను. ఇది వేల ఏళ్ళ నాటి మంగళ చిహ్నమని, నాజీలు 1920లో తమ జెండా మీదకు ఎక్కించుకోవడానికి ఎంతో ముందు నుంచే మా ఇళ్ళలో, మా గుళ్ళలో ఉందని, వాళ్ళు చేసిన పాపానికి మా గడప ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలని ఊపిరి తీసుకోకుండా వాయించాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఆవిడ ఓపికగా అంతా విని, తన తల్లి వైపు బంధువుల్లో యుద్ధం తరువాత మిగిలినవారు ఇద్దరేనని చెప్పి వెళ్ళిపోయారు. నాజీలు యూదుల మీద సాగించిన మారణహోమం, హోలోకాస్ట్ నుంచి ప్రాణాలతో బయటపడినవారు ఎందరో మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డారని నాకు అప్పటికి తెలియనే తెలియదు. ఆవిడకు కావలసింది గోడకు అవతల ఉన్నది ఎలాంటి మనుషులో అన్న భరోసా ఒక్కటే, నేను ఇచ్చిందేమో ఉపన్యాసం. అంతవరకు చెత్తబండి వచ్చి వెళ్ళాక మా డబ్బాను కూడా లోపలికి లాగి పెట్టేది ఆవిడే. మరుసటి వారం నుంచి మా డబ్బా ఒక్కటే చీకటి పడేదాకా రోడ్డు మీద ఉండేది.

ఆఫీసులో చేసిన నిర్వాకం ఇంకా పెద్దది. మీకు కోట్ల మంది దేవుళ్ళట కదా, ఎవరికి ఏ శాఖ అప్పగించారో ఎలా గుర్తు పెట్టుకుంటారని భోజనాల గదిలో ఒకాయన హాస్యమాడాడు. నేను ఆయన మతంలోని నమ్మకాలను ఒక్కొక్కటే తీసుకుని, మా ఊరి బావి దగ్గర తగవులో తిట్టినంత ధాటిగా వెక్కిరించాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు, నేను గెలిచాననుకున్నాను. ఆ తరువాత కాఫీకి వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగే మనిషి లేడు. పెరుగన్నం డబ్బా తీసుకుని కార్లో కూర్చుని తినేదాన్ని. మా వారిది రాత్రి షిఫ్టు. ఇంట్లోనూ పలకరించే దిక్కు లేక, ఫోన్ కార్డు కొనుక్కుని మా అమ్మతో మాట్లాడుతూ, ఇక్కడంతా బాగానే ఉందని చెప్పేదాన్ని. ఎవరో మన దేవుణ్ణి ఎగతాళి చేసిన బాధ రెండు రోజుల్లో చల్లారుతుంది గాని, నోరు విప్పి చెప్పుకోవడానికి మనిషి లేని బాధ అంత తేలికగా పోదు. ఏ ప్రశ్న వేసినా ఈవిడ ఒంటరితనం దగ్గరకే లాక్కొస్తుందని మా వాళ్ళు నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి.

మెల్‌బోర్న్‌కే మరో చివర, క్యారమ్ డౌన్స్‌లో 1994 నుంచి ఉన్న శివవిష్ణు ఆలయానికి నేను మొదట వెళ్ళింది భక్తితో కాదు, నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని. అక్కడ శివుడూ విష్ణువూ ఒకే ప్రాంగణంలో ఉంటారు. ఇంట్లో వేంకటేశ్వరుడి పటం పెట్టుకుని, ఆషాఢంలో ఊరికి వెళ్ళి పోచమ్మకు బోనమెత్తి, కార్తీకంలో శివుడికి దీపం పెట్టే మన ఆడవాళ్ళకు ఇందులో చిక్కేమీ తోచదు. వినేవాళ్ళకు కూడా ఇలా ఇంటి సంగతిగా చెబితే అర్థమవుతుంది, అద్వైతంతో మొదలుపెడితే కాదు. మీ ఇంటి నుంచి ఆ గుడికి గంటకు పైగా ప్రయాణమని నాకు తెలుసు. అయినా వెళ్ళండి.

ఇక మీ అబ్బాయి సంగతి. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేత విగ్రహారాధన మీద సమాధానం బట్టీ పట్టించకండి. వచ్చే వినాయక చవితికి, ఆ మాట అన్న పిల్లవాణ్ణి తల్లితో సహా భోజనానికి పిలవండి. మట్టి ఇద్దరు పిల్లల చేతికీ ఇచ్చి బొమ్మ చేయించండి, కళ్ళకు మిరియపు గింజలు గుచ్చమనండి. (గురివింద గింజలు, పత్రి ఊరి నుంచి తెప్పిస్తానని బయలుదేరకండి, విమానాశ్రయంలో క్వారంటైన్ వాళ్ళు ఊరుకోరు. ఇరవై ఒక్క రకాల పత్రి ఇక్కడ దొరకదు, దొరికినంతే చాలు.) పొద్దున వాళ్ళ చేతుల్లో ముద్దగా ఉన్న మట్టిలోకి స్వామిని ఆవాహన చేసి, అతిథికి చేసినట్టు ఉపచారాలన్నీ చేసి, ఉద్వాసన చెప్పి, బకెట్టు నీళ్ళలో కలిపి ఆ మట్టిని మొక్కలకు పోయడం కళ్ళారా చూసినవాళ్ళకు, మనం బొమ్మనే దేవుడనుకుంటామన్న అపోహ దానంతటదే తగ్గుతుంది. ఆ తల్లి రాకపోవచ్చు. రాకపోతే టీచరు దగ్గరకు వెళ్ళండి గాని, మరో తెలుగు తల్లినో, పంజాబీ తల్లినో తోడు తీసుకుని వెళ్ళండి.

కులం ప్రశ్న దగ్గర మన వాళ్ళు చేసే పొరపాటు వేరు. అదంతా తెల్లదొరలు కల్పించిందని కొట్టిపారేస్తారు. అలా అనకండి. అడిగినవాడు అంబేడ్కర్ గురించి మీకంటే ఎక్కువే చదివి ఉండవచ్చు, పైగా ఇక్కడి తెలుగు సంఘాలు ఎందుకు చీలతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంటరానితనం ఉండేదని, రాజ్యాంగం 17వ అధికరణ దాన్ని నిషేధించినా మనుషుల్లో ఇంకా మిగిలే ఉందని ఒప్పుకోండి. 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకుని వెళ్ళారని, అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వార్‌ను ఒక అర్చకుడు భుజాల మీద గుడిలోకి మోసుకెళ్ళిన కథలోని మునివాహన సేవను అలా మళ్ళీ జరిపారని కూడా చెప్పండి. తప్పును ఒప్పుకున్న నోటితో చెబితేనే ఈ రెండో మాటకు విలువ ఉంటుంది. మీ సొంత కులం పేరు మాత్రం ఎవరికీ చెప్పనక్కరలేదు. అది ఆఫీసులో అడగవలసిన ప్రశ్న కాదని నెమ్మదిగా అనండి, మళ్ళీ అడిగితే తేదీ వేసి రాసి పెట్టుకుని హెచ్‌ఆర్‌కు పంపండి.

తెలియక అడిగేవాళ్ళ గురించే ఇంతసేపూ చెప్పాను. తెలిసి ద్వేషంతో చేసేవాళ్ళూ ఉన్నారు. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లోని కొన్ని ఆలయాల గోడల మీద దూషణ రాతలు రాశారు, వాటిలో క్యారమ్ డౌన్స్ గుడి కూడా ఉంది. అలాంటివారికి మర్యాదతో నచ్చజెప్పే పని పెట్టుకోవద్దు. ఫొటో తీయండి, పోలీసులకు ఫిర్యాదు చేయండి, వాదనకు దిగకండి, స్టేషనుకు ఒక్కరే వెళ్ళకండి.

స్వస్తిక్‌ను తుడవకండి. మళ్ళీ తనిఖీకి వచ్చే ముందే ఏజెంటుకు చట్టంలోని మినహాయింపు గురించి నాలుగు మర్యాదైన వాక్యాలు మెయిల్ చేయండి, పసుపు చెక్కకు అంటకుండా స్టిక్కరు వాడండి. పక్కింటివారికి మాత్రం మెయిల్ పనికిరాదు, స్వయంగా వెళ్ళి వాళ్ళకు దాన్ని చూస్తే ఏమనిపిస్తోందో ముందు అడిగి, ఆ తరువాతే మీ మాట చెప్పండి. ఈ పనులన్నిటికంటే ముందు ఆ పిల్లవాడి తల్లి పేరేమిటో కనుక్కుని నాకు రాయండి. మీ రెండో ఉత్తరంలో ఆ పేరు లేకపోతే నేను జవాబు రాయను.