ఏఐలో చేర్పించకపోతే అమ్మాయి వెనకబడిపోతుందా?

ఎలక్ట్రానిక్స్ చదివి ఆసుపత్రి పరికరాలు తయారుచేసే పనిలోకి వెళ్తానని మీ అమ్మాయి అంటోంది, చుట్టాలంతా ఏఐలో చేర్పించమంటున్నారు, రెండూ పోల్చి చెప్పమన్నారు. చూడండమ్మా, బ్రాంచి పేరు మారుతుందేమో గానీ ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. పైకి అడిగేది పోలిక, లోపలున్నది బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న టెన్షన్. వెనకబడదు.

ఆసుపత్రి పరికరాల తయారీ చిన్న పనేం కాదు. ఐసీయూలో పేషెంటు చుట్టూ ఉండే మానిటరు, వెంటిలేటరు, మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఇప్పుడు చాలాచోట్ల నెట్‌వర్క్‌కి కలిపే ఉంటున్నాయి. నెట్‌వర్క్ పోయినా పంపు ఆగకూడదు, బయటివాళ్లు చొరబడి డోసు మార్చే వీలుండకూడదు, అలారం మోగాల్సినప్పుడే మోగాలి, ఊరికే మోగుతుంటే నర్సులకు దాని మీద నమ్మకం పోతుంది. ఆసుపత్రి నెట్‌వర్క్ ద్వారా డోసు మార్చేయొచ్చని తేలినందుకే 2015లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ సింబిక్ అనే ఇన్ఫ్యూజన్ పంపు వాడకం మానేయమని ఆసుపత్రులకు గట్టిగా చెప్పింది. అంతకుముందు, 1985-87 మధ్య, థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చేసింది, కొందరు చనిపోయారు. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీదే వేశారు, ఆపరేటర్ వేగంగా టైప్ చేసి వివరాలు సరిదిద్దితే ఆ సాఫ్ట్‌వేర్ తడబడింది. ఇలాంటివి ముందే ఊహించి ఆపగలిగే మనుషులు కావాలి, మీ అమ్మాయి వెళ్తానంటున్నది అక్కడికే.

ఏఐ మీద నాకు కోపం లేదు, పేరులో ఏఐ తగిలించుకున్న ప్రతి కోర్సునీ నమ్మలేనంతే. ఎవరో శుభ్రం చేసి ఇచ్చిన డేటా మీద ఏఐ మోడల్ నడిపించడం నేర్పుతారు, కానీ ఆ డేటా ఏ సెన్సర్ నుంచి వచ్చిందో చాలామంది పిల్లలకు తెలియదు. ఈసీజీ తీగ ఊడిపోయినా మోడల్ ఏదో ఒక జవాబు చెప్పేస్తుంది, అది జవాబు కాదని పట్టుకోవాలంటే సిగ్నల్ తెలియాలి. సీ ప్రోగ్రామింగ్ భాష, రియల్‌టైమ్ సిస్టమ్స్ (సరిగ్గా సమయానికి స్పందించాల్సిన వ్యవస్థలు), నెట్‌వర్కింగ్ గట్టిగా వచ్చినవాళ్లు ఏఐని తర్వాత నేర్చుకోగలరు, ఏఐ నేర్చుకున్నా ఈ పునాది రానివాళ్లను చాలామందిని చూశాను.

కష్టాలూ ఉన్నాయి, దాచను. వైద్య పరికరాల ప్రమాదాలను అంచనా వేసే ప్రమాణం ఐఎస్ఓ 14971 ప్రకారం రిస్క్ లెక్కలు, వాటి సాఫ్ట్‌వేర్ తయారీకి ప్రమాణమైన ఐఈసీ 62304 పత్రాలు రాస్తూ నెలలు గడుస్తాయి, ఒక పరికరానికి అనుమతి రావడానికే ఏళ్లు పట్టొచ్చు, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన స్నేహితురాలి కంటే తక్కువే ఉండొచ్చు. ఓపిక లేనివాళ్లు ఇక్కడ ఇమడలేరు.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరం నిండా చుట్టాల అభిప్రాయాలే ఉన్నాయి, అమ్మాయి ఈ దారి ఎందుకు కోరుకుంటోందో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా? ఫారం నింపే ముందు ఆమెతో ఒక చిన్న మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఇమిడే బుల్లి కంప్యూటర్) మీద ఉష్ణోగ్రత అలారం చేయించండి, తర్వాత సెన్సర్ తీగ పీకి, కరెంటు తీసి, వైఫై ఆపి చూడమనండి. అది ఎన్ని రకాలుగా చెడిపోగలదో రాసుకుంటూ భోజనం మరిచిపోతే ఇక ఆలోచించకండి. బయోమెడికల్ సీటు రాలేదని కంగారూ వద్దు, ఎలక్ట్రానిక్స్ నుంచీ కంప్యూటర్ సైన్స్ నుంచీ కూడా ఇటు రావచ్చు.