చేతి గేమ్ కన్సోళ్లకు మెమరీ కార్డులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అన్నయ్య చాలా ఏళ్ల కిందట అమెరికా నుంచి తెచ్చిన నింటెండో డీఎస్ లైట్, దానితో వచ్చిన పాత ఆర్4 కార్ట్రిడ్జ్ (మెమరీ కార్డును లోపల పెట్టి కన్సోల్‌లో దూర్చే చిన్న పెట్టె) ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఔత్సాహికులు సొంతంగా రాసి ఉచితంగా పంచే హోమ్‌బ్రూ ప్రోగ్రాములను అందులో నడుపుదామని 16 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు కొన్నాను. కంప్యూటర్లో కార్డు చక్కగా తెరుచుకుంటోంది. కన్సోల్‌లో పెడితే మాత్రం లోడింగ్ అన్న అక్షరాల దగ్గరే ఆగిపోతోంది. మూడుసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం లేదు. కార్డు పాడైనట్టేనా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే కార్డులో లోపం ఉన్నట్టు లేదు. ఆ కార్ట్రిడ్జ్‌కు మీ కార్డు మాట్లాడే భాష తెలియదు. మొదటితరం ఆర్4 కార్ట్రిడ్జ్ 2 జీబీ వరకు ఉన్న సాధారణ ఎస్‌డీ రకం కార్డులను మాత్రమే చదువుతుంది. 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉండే కార్డులు 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ అనే ప్రమాణానికి చెందినవి. పైకి రెండూ ఒకే కొలతలతో, ఒకే లోహపు పట్టీలతో కనిపిస్తాయి కాబట్టి పొరపాటు పడటం సహజం.

అసలు తేడా చిరునామాలో ఉంది. పాత ఎస్‌డీ కార్డును ఏదైనా సమాచారం అడిగేటప్పుడు పరికరం దాని చిరునామాను బైట్ల లెక్కలో చెబుతుంది. ఎస్‌డీహెచ్‌సీ కార్డు అదే అంకెను 512 బైట్ల దిమ్మెల లెక్కగా తీసుకుంటుంది. వెయ్యో బైటు కావాలని ఒకరు అడిగితే రెండోవారికి వెయ్యో దిమ్మె కావాలన్నట్టు వినిపిస్తుందన్నమాట. ఇలాంటి గందరగోళంలో సమాచారం చెడిపోకూడదని ప్రమాణాన్ని రూపొందించినవారు ముందుగానే ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఎక్కువ సామర్థ్యం ఉన్న కార్డులతో పనిచేయగలనని పరికరం మొదట ప్రకటించాలి. అలా ప్రకటించకపోతే ఎస్‌డీహెచ్‌సీ కార్డు తాను సిద్ధమయ్యానని ఎప్పటికీ చెప్పదు. మీ తెర లోడింగ్ దగ్గర నిలిచిపోవడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది. ఫార్మాట్ అనేది ఈ పలకరింపు పూర్తయ్యాక అవసరమయ్యే సంగతి కాబట్టి దాన్ని ఎన్నిసార్లు చేసినా ఉపయోగం ఉండదు.

2 జీబీ లేదా అంతకంటే చిన్న మైక్రోఎస్‌డీ కార్డు సంపాదించి, ఫ్యాట్16 అనే పాత ఫైళ్ల అమరిక పద్ధతిలో ఫార్మాట్ చేసి ప్రయత్నించండి. కొత్తవి దొరకడం కష్టమే కానీ పాత కీప్యాడ్ ఫోన్లలో ఇవి తరచుగా ఉంటాయి. ఇంట్లో మూలనపడ్డ ఫోన్లను ఒకసారి తెరిచి చూడండి. డీఎస్ హోమ్‌బ్రూ ప్రోగ్రాములు పరిమాణంలో చాలా చిన్నవి కాబట్టి 2 జీబీ మీకు తక్కువ కాదు. కార్ట్రిడ్జ్ మీద ఎస్‌డీహెచ్‌సీ అని ముద్రించి ఉంటే అది తరువాత వచ్చిన రకం. దానికి 32 జీబీ వరకు పనికొస్తుంది. అయితే ఆ రకాలు లెక్కకు మించి ఉన్నాయి. ఒకదాని కోసం తయారైన మెనూ ఫైళ్లు మరొకదానిలో పనిచేయకపోవచ్చు కాబట్టి కార్ట్రిడ్జ్ మీద ఉన్న పూర్తి పేరు చూసి సరిగ్గా దానికి చెందినవే వేయాలి.

ప్రశ్న: నా దగ్గర ఉన్న వేరే డీఎస్ కార్ట్రిడ్జ్‌లో మెనూ బాగానే వస్తోంది, ప్రోగ్రాములూ మొదలవుతున్నాయి. కానీ కొన్ని ప్రోగ్రాములు మాత్రం కార్డులోని ఫైళ్లను తెరవలేకపోతున్నామని సందేశం చూపిస్తున్నాయి. కార్డు మార్చినా అదే తీరు. (వరంగల్ పాఠకుడు)

జవాబు: మెనూ వచ్చిందంటేనే కార్డును కార్ట్రిడ్జ్ చదవగలుగుతోందని అర్థం. ఇక్కడ చూడవలసింది డీఎల్‌డీఐ అనే ఏర్పాటును. ఒక్కో తయారీదారు కార్ట్రిడ్జ్‌లోని మెమరీ కార్డును అందుకోవడానికి ఒక్కో విధమైన ఆదేశాలు ఉంటాయి. తొలిరోజుల్లో ప్రోగ్రామర్లు వాటిలో ప్రతిదానికీ విడిగా కోడ్ రాయవలసి వచ్చేది. చిష్మ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామర్ దీనికి చక్కని పరిష్కారం చూపించాడు. ప్రోగ్రామ్‌లో డ్రైవర్ కోసం కొంత చోటు ఖాళీగా వదిలిపెడతారు. వాడేవారు తమ కార్ట్రిడ్జ్‌కు సరిపడే చిన్న డ్రైవర్ ఫైలును ఆ చోట అతికిస్తే చాలు. పదుల కొద్దీ తయారీదారులు ఎవరి దారిన వారు పోతున్న కాలంలో, ఎవరి చెల్లింపూ ఆశించకుండా చేసిన ఈ పని పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. చాలా కార్ట్రిడ్జ్‌ల మెనూలు ఈ అతికింపును వాటంతట అవే చేస్తాయి. మీది చేయడం లేదనుకుంటాను. మీ కార్ట్రిడ్జ్ పేరుతో ఉన్న డీఎల్‌డీఐ ఫైలును తీసుకుని, కంప్యూటర్లోనే ఆ ప్రోగ్రాములకు అతికించి, తిరిగి కార్డులోకి ఎక్కించండి.

ప్రశ్న: నింటెండో 3డీఎస్‌కు 32 జీబీ వరకే అని పెట్టె మీద ఉంది. కొందరు 64 జీబీ, 128 జీబీ కార్డులు వాడుతున్నామంటున్నారు. నేను 64 జీబీ కార్డు పెడితే కన్సోల్ గుర్తించడమే లేదు. విండోస్‌లో ఫార్మాట్ చేద్దామంటే ఫ్యాట్32 అన్న ఎంపికే కనిపించడం లేదు. (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: ఇది మొదటి ప్రశ్నకు పూర్తిగా భిన్నమైన చిక్కు, అదృష్టవశాత్తు పరిష్కారం ఉన్నది. 32 జీబీ దాటిన కార్డులు 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ ప్రమాణం కిందికి వస్తాయి. చిరునామా లెక్కలో ఇవి ఎస్‌డీహెచ్‌సీ దారినే నడుస్తాయి కాబట్టి, 2011లో విడుదలైన 3డీఎస్ వీటితో మాట్లాడగలదు. అయితే ఆ ప్రమాణం ప్రకారం ఈ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థతో దుకాణానికి వస్తాయి. 3డీఎస్‌కు ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. కార్డును ఫ్యాట్32లోకి మారిస్తే అడ్డంకి తొలగిపోతుంది.

32 జీబీ అన్న హద్దు ఫ్యాట్32కు సహజంగా లేదు. అది విండోస్ ఫార్మాట్ కిటికీ తనకు తాను పెట్టుకున్న హద్దు మాత్రమే. ఎస్‌డీ అసోసియేషన్ వారి ఫార్మాట్ సాధనం వాడినా 64 జీబీ కార్డును మళ్లీ ఎక్స్‌ఫ్యాట్‌లోకే తీసుకెళ్తుంది. అందుచేత విండోస్‌లో జీయూఐఫార్మాట్ వంటి చిన్న సాధనాన్ని తెచ్చుకుని, క్లస్టర్ (ఫైళ్లకు చోటు కేటాయించే కనీస ముక్క) పరిమాణాన్ని 64 జీబీ కార్డుకు 32 కేబీగా, 128 జీబీ లేదా అంతకు మించితే 64 కేబీగా ఎంచుకోండి. లినక్స్ వాడేవారు ఫార్మాట్ ఆదేశంలో క్లస్టర్‌కు 64 సెక్టార్లు అని ఇస్తే 512 బైట్ల చొప్పున అదే 32 కేబీ అవుతుంది. ఫార్మాట్ చేసే ముందు డ్రైవ్ అక్షరాన్ని రెండుసార్లు సరిచూసుకోండి. హార్డ్ డిస్కును పొరపాటున ఎంచుకుంటే జరిగే నష్టం కార్డు ఖరీదుతో పోల్చదగింది కాదు.

పాత కార్డులో ఉన్న నింటెండో 3డీఎస్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా, లోపల ఏదీ కదల్చకుండా కొత్త కార్డులోకి నకలు తీసుకోవాలి. అందులోని సమాచారం ఆ ఒక్క కన్సోల్‌కు చెందిన తాళంచెవితో బిగించి ఉంటుంది కాబట్టి అదే కన్సోల్‌లో తెరుచుకుంటుంది, స్నేహితుల కన్సోల్‌లో తెరుచుకోదు. మీరు ల్యూమా వంటి హోమ్‌బ్రూ వ్యవస్థ వాడుతుంటే దాన్ని మొదలుపెట్టే బూట్.ఫర్మ్ ఫైలు ఏ ఫోల్డర్‌లోనూ కాక కార్డు మొదట్లోనే ఉండాలి. కార్డు మరీ పెద్దదైతే కన్సోల్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది; నా మట్టుకు నేను 64 జీబీ దగ్గరే ఆగమంటాను.

ప్రశ్న: పీఎస్‌పీలో మెమరీ స్టిక్ (సోనీ సొంత రకం మెమరీ కార్డు) బదులు మైక్రోఎస్‌డీ అడాప్టర్ వాడవచ్చా? (తెనాలి పాఠకుడు)

జవాబు: వాడవచ్చు. ఒక కార్డు పట్టే అడాప్టర్ తీసుకోండి. రెండు కార్డుల అడాప్టర్‌లో సమాచారం రెంటి మధ్య పంచుకుని ఉంటుంది కాబట్టి ఒకటి తీసినా, చెడిపోయినా రెండోదానిలోని భాగం కూడా వృథా అవుతుంది. ఫార్మాట్ కన్సోల్‌లోనే చేయండి. పీఎస్‌పీ అన్న ఫోల్డర్‌లోని గేమ్ ఫోల్డర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో ఫోల్డర్ ఉండాలి. 80020148 అన్న దోషసంఖ్య వస్తే కార్డును అనుమానించకండి. తయారీదారు డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును కన్సోల్‌లోని అధికారిక ఫర్మ్‌వేర్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) అంగీకరించడం లేదని దాని అర్థం.

ప్రశ్న: చవకగా దొరికిందని 128 జీబీ కార్డు కొన్నాను. కొన్ని జీబీలు ఎక్కించే వరకు అన్నీ తెరుచుకున్నాయి, ఆ తరువాత ఎక్కించినవి ఏవీ తెరుచుకోవడం లేదు. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: ఇది నకిలీ కార్డు లక్షణం. లోపల ఉన్న మెమరీ ఎనిమిదో పదహారో జీబీలు మాత్రమే ఉండగా, కార్డులోని నియంత్రణ చిప్ 128 అని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి ఉంటారు. అసలు చోటు నిండాక వచ్చినదంతా గాలిలో కలుస్తుంది, లేదా ముందున్నదాని మీద పడుతుంది. ఫైళ్ల పేర్లు మాత్రం జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి. నేనూ ఒకసారి ఇలాంటి కార్డునే కొని, నెలల తరబడి దాచుకున్న ఆటల పురోగతి పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి కొత్త కార్డును విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత సాధనాలతో పరీక్షించకుండా కన్సోల్‌లో పెట్టడం లేదు. ఇవి కార్డు మొత్తాన్ని నింపి, రాసినదాన్ని తిరిగి చదివి సరిపోల్చుతాయి. 128 జీబీకి గంటలు పట్టవచ్చు, మధ్యలో ఆపకండి. కొన్న వెంటనే, రసీదు చేతిలో ఉండగానే ఈ పరీక్ష చేసి, తేడా వస్తే ఆ ఫలితాన్ని తెరమీదే ఫొటో తీసి దుకాణదారుకు చూపించి డబ్బు వెనక్కి అడగండి.