మత్తుమందుల నిషేధం: కల్తీ కల్లు బాధితుల వార్డులో నేను చూసినది

సరదా కోసం మత్తుమందులు వాడటాన్ని ప్రభుత్వం నిషేధించాలా, లేక ఎవరి శరీరం వారిదే గనుక వదిలేయాలా అన్నది తరచూ వినిపించే ప్రశ్న. నా సమాధానం ముందే చెబుతాను. తయారీనీ అమ్మకాన్నీ గట్టిగా నిషేధించాలి, వాడిన మనిషిని మాత్రం జైలుకు పంపకూడదు, ఈ రెండింటికంటే ముందు చికిత్సకు ఏర్పాట్లు చేసి ఉంచాలి. ఆ ఏర్పాట్లు లేకుండా నిషేధం విధించినా, ఎత్తివేసినా నష్టపోయేది పేదవారే. 2015 సెప్టెంబరులో నిజామాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యురాలిగా పనిచేస్తున్నప్పుడు నాలో ఈ అభిప్రాయం బలపడింది.

అప్పటి కల్తీ కల్లు సంగతి తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెప్పాలి. ఉత్తర తెలంగాణలోనూ పాలమూరు వైపునా కల్లు దుకాణాల్లో అమ్మే సరుకంతా చెట్టు కల్లు కాదు. ఉన్న తాటిచెట్లూ ఈతచెట్లూ ఇచ్చే కల్లు అంతమంది గిరాకీకి చాలదు, పైగా గీసిన కల్లు ఒక్క రోజుకే పులిసిపోతుంది. అందువల్ల చాలాచోట్ల నీళ్లలో శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం వంటి మందులు కలపడం మొదలైంది. డైజోఫాం, అల్ప్రాజోలం అనేవి మేము ఆందోళనకూ నిద్రలేమికీ చీటీ మీద రాసిచ్చే మందులు. వీటిని నెలల తరబడి రోజూ తీసుకున్న మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే మెదడు అదుపు తప్పుతుంది. కొద్ది రోజుల్లోనే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనిపించడం, చివరికి ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోవడం కూడా జరుగుతుంది. అందుకే వీటిని వారాల తరబడి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలని వైద్యశాస్త్రం చెబుతుంది.

ఆ సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే కల్లులో మందు తగ్గిన మూడో రోజు నుంచే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం బారులు తీరారు. మా దగ్గర మంచాలు నిండిపోయి వరండాలో చాపలు పరిచాము. మెడలు ఒక పక్కకు తిరిగిపోయినవారు, నాలుక కరుచుకుని నోట్లో నెత్తురుతో వచ్చినవారు, కన్న బిడ్డను గుర్తుపట్టలేక తిట్టిపోస్తున్నవారు, వారిని మంచానికి కట్టేసి పక్కనే ఏడుస్తూ కూర్చున్న బంధువులు. మొదట్లో కొందరికి మెదడుజ్వరమేమోనని పరీక్షలు కూడా రాశాము. అన్నిటికంటే బాధ కలిగించిన విషయం, ఇలా జరుగుతుందని ముందే తెలిసి ఉండీ మా వార్డులకు తగినంత మందు చేరలేదు. అల్ప్రాజోలం మానిన మనిషిని కాపాడేది అదే రకానికి చెందిన మందును లెక్కగా, తగ్గిస్తూ ఇవ్వడం. ఆ మందు నిల్వలు దాడులకు వారం ముందు పంపి ఉంటే సరిపోయేది.

వచ్చినవారిలో బీడీలు చుట్టే ఆడవారు చాలామంది ఉన్నారు. పొద్దంతా చేట ముందు వంగి కూర్చుని, సాయంత్రం ఒళ్లునొప్పులకు ఒక సీసా తాగి పడుకోవడం వారికి ఏళ్ల అలవాటు. వారిలో ఒకామె కొడుకు నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “డాక్టరమ్మా, మా అమ్మ ఒక్క కల్లు తప్ప ఏం తాగది. గిట్లెందుకైతుంది?” ఆమె తాగుతున్నది మత్తుమాత్రల నీళ్లు అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తన శరీరంలోకి ఏం వెళ్తోందో తెలియని మనిషి విషయంలో ‘ఎవరి శరీరం వారిదే’ అన్న వాదన ఎలా నిలబడుతుందో నాకు అర్థం కాదు.

అలాగైతే చట్టబద్ధం చేసి, సరుకు మీద ప్రభుత్వ నిఘా పెడితే కల్తీ ఉండదు కదా అని కొందరు అంటారు. బలమైన వాదనే, కానీ కల్లు దుకాణం చట్టబద్ధమైనదేనని వారు మరిచిపోతున్నారు. ఎక్సైజ్ శాఖ అనుమతితో, గీత కార్మికుల సొసైటీల పేరుతో నడిచే దుకాణాల్లోనే ఇదంతా జరిగింది. హైదరాబాద్‌లో 2004లో మూతపడిన దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి, 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తనిఖీ చేసే మనిషి, ప్రయోగశాల, తప్పు తేలితే తప్పని శిక్ష, ఇవన్నీ లేనిచోట అనుమతి పత్రం గోడకు తగిలించిన కాగితమే. మన దగ్గర కల్లునే శుద్ధంగా అమ్మించలేని వ్యవస్థ గంజాయినీ మాత్రలనూ శుద్ధంగా అమ్మిస్తుందని నేను నమ్మలేను. కాబట్టి అమ్మకానికి తలుపులు తెరవాలన్న వాదనతో నేను ఏకీభవించను.

తయారీదారుల మీద చట్టం కఠినంగా ఉండటం కూడా న్యాయమే. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ప్రకారం అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష 10 ఏళ్ల నుంచి 20 ఏళ్లు. వంద గ్రాములు తక్కువగా కనిపించవచ్చు, కానీ మేము రాసే అర మిల్లీగ్రాము మాత్రలుగా లెక్కిస్తే అవి రెండు లక్షలు. పది మిల్లీగ్రాముల డైజోఫాం చేసే పనిని ఈ అర మిల్లీగ్రామే చేస్తుంది. నిఘా పెరిగేకొద్దీ దొంగ వ్యాపారం ఇలా తక్కువ బరువులో ఎక్కువ మత్తునిచ్చే సరుకు వైపు జరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల మూతపడిన రసాయన కర్మాగారాల్లో దీన్ని తయారుచేస్తూ పట్టుబడినవారున్నారు. వారి మీద నాకు ఏ జాలీ లేదు.

ఇక వాడినవారి సంగతి. అదే చట్టంలోని 27వ సెక్షన్ కేవలం వాడకానికే, గంజాయి వంటివాటికైతే ఆరు నెలలు, హెరాయిన్, కొకైన్ వంటివాటికైతే ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చంటుంది. దాని ఫలితం ఏమిటో నేను తరువాత పనిచేసిన, మత్తు అలవాటు మాన్పించే డీ-అడిక్షన్ విభాగంలో చూశాను. గంజాయికి అలవాటుపడిన ఇంజినీరింగ్ కుర్రాళ్లను తల్లిదండ్రులు సొంత ఊరి ఆసుపత్రికి తీసుకురారు. మూడు జిల్లాలు దాటి, ఓపీ చీటీలో వేరే పేరు రాయించి, పోలీసులకు చెబుతారా అని ముందే అడుగుతారు. జబ్బు మొదలైన రెండు మూడేళ్లకు, చదువు ఆగిపోయాక, లేనిపోని అనుమానాలతో ఇంట్లోవారిని కొట్టే స్థితి వచ్చాక గాని తలుపు తట్టరు. తొలి నెలల్లో వస్తే మాటలతో, కొద్దిపాటి మందులతో కుదుటపడే పిల్లలు వారు. నా ఉద్దేశంలో 27వ సెక్షన్ వల్ల మత్తు తగ్గలేదు, చికిత్స మాత్రం ఆలస్యమైంది.

ఈ సందర్భంలో అందరూ పోర్చుగల్ పేరు చెబుతారు. ఆ దేశం 2001 జులై నుంచి, పది రోజుల సొంత వాడకానికి మించని సరుకు దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. అమ్మకం అక్కడ ఇప్పటికీ నేరమే, వాడకం కూడా నిషిద్ధమే. పట్టుబడిన మనిషి జడ్జి ముందుకు బదులు న్యాయ, వైద్య, సామాజిక సేవా రంగాలవారున్న కమిషన్ ముందుకు వెళ్తాడు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021 ఫిబ్రవరి నుంచి అదే బాట పట్టి, జైలుకు బదులు వంద డాలర్ల జరిమానా పెట్టి, ఒక ఫోన్ చేస్తే అదీ మాఫీ అంది. కానీ చికిత్సా కేంద్రాలకు ఇవ్వాల్సిన డబ్బు చేరడం ఆలస్యమైంది, జనాగ్రహం పెరిగింది, 2024 సెప్టెంబరు నుంచి అది మళ్లీ నేరమైంది. ఒరెగాన్‌లో ఆంక్ష ఎత్తేశారు, మా జిల్లాలో ఆంక్ష బిగించారు. వైద్యం సిద్ధంగా లేకపోవడం రెండుచోట్లా ఒకటే.

మరి మద్యం సంగతేమిటని మీరు అడగవచ్చు. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యాన్నీ హానికరమైన మత్తుపదార్థాలనూ ఒకే వాక్యంలో చేర్చి, రెండింటినీ నిషేధించేందుకు రాజ్యం ప్రయత్నించాలంది. 2019లో ఎయిమ్స్ ఆధ్వర్యంలో వెలువడిన దేశవ్యాప్త సర్వేలో మద్యం తాగేవారు 14.6 శాతం, భంగుతో కలిపి గంజాయి జాతి మత్తు వాడేవారు 2.8 శాతం. నా వార్డులోనూ మద్యం రోగులే ఎక్కువ. ప్రభుత్వం ఒకదాన్ని అమ్మి ఆదాయం పొందుతూ మరొకదానికి జైలు చూపించడంలో న్యాయం లేదని ఒప్పుకుంటాను. అయినా ఒక అన్యాయం ఉంది కాబట్టి రెండోదాన్నీ తెరవాలనడం నాకు సమ్మతం కాదు.

ఇది చదివేవారిలో ఇంట్లో ఇటువంటి బాధ ఉన్నవారు ఎవరైనా ఉంటే, ఒక్క విషయం తెలుసుకోండి. ఈ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులోగాని, స్వల్ప పరిమాణం కేసులోగాని చిక్కుకున్న బాధితుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొచ్చి, దాన్ని పూర్తిచేస్తే అతన్ని విచారించి శిక్షించరు. చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు. కల్లు గాని, నిద్రమాత్రలు గాని రోజూ అలవాటైన మనిషిని మాత్రం గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చేయకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకురండి.