4 జీబీ ర్యామ్‌తో 40 జీబీ ఫైలులో ఒక మాట వెతకగలమా?

వెతకవచ్చు, అందుకోసం ఫైలు మొత్తం ర్యామ్‌లో పట్టనక్కర్లేదు. ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే గ్రెప్ (grep) లాంటి ప్రోగ్రామ్ ఫైలును మొదటి నుంచి ముక్కలుగా చదువుతుంది, చూసేసిన ముక్కను వదిలేసి తర్వాతిది తెచ్చుకుంటుంది. అందుకే ఫైలు పెరిగితే పెరిగేది సమయం, మెమరీ కాదు.

చిక్కల్లా ముక్కల అంచు దగ్గరే. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి చిరునామాలున్న పెద్ద ఫైలు ఒకటి అనుకోండి. సొంతంగా రాసిన ప్రోగ్రామ్‌తో 'పర్లాకిమిడి' వెతికితే, 'పర్లా' ఒక ముక్క చివర, 'కిమిడి' తర్వాతి ముక్క మొదట్లో పడొచ్చు. అప్పుడు మాట దొరకదు. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలతో పాటు గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే, ఒక్కోదానికి 3 బైట్లు. ఈ మాటలో అన్నీ కలిపి అలాంటివి 11, అంటే 33 బైట్లు. ముందు ముక్క చివరి 32 బైట్లను దాచి తర్వాతి ముక్క ముందు అతికిస్తే సరిపోతుంది. (ఆ ఊరిని పర్లాఖెముండి అని కూడా రాస్తారు. ఆ తేడాను ఏ ర్యామూ తీర్చదు, రెండు రూపాలూ వెతకాల్సిందే.)

నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరుచుకోలేదు కాబట్టి వెతకడమూ కుదరదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నోట్‌ప్యాడ్ మార్పులు చేసుకునే వీలు కోసం ఫైలును మెమరీలోకి ఎక్కించుకుంటుంది. వెతకడానికి ఆ అవసరం లేదు.

గ్రెప్‌కూ ఒక మెలిక ఉంది: అది వరుస తర్వాత వరుస చూస్తుంది. ఎక్కడా వరుస తెగని 40 జీబీ ఫైలు ఇస్తే, అంతా ఒకే వరుసగా పట్టుకోబోయి మెమరీ చాలక ఆగిపోతుంది. అలాంటప్పుడు, ఒక గుర్తు బదులు మరోటి పెట్టే టీఆర్ (tr) కమాండ్‌తో కామాల దగ్గర వరుసలు విరిచి, వచ్చినదాన్ని పైపు (ఒక ప్రోగ్రామ్ ఫలితాన్ని నేరుగా మరోదానికి అందించే ఏర్పాటు) ద్వారా గ్రెప్‌కు పంపాలి.