కారు పైకెత్తే ముందు: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నాలుగు షాకబ్జర్లూ కొనేశావనీ, ఆదివారం ఇంటి దగ్గర నువ్వే మార్చుకుంటానంటున్నావనీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను వద్దంటే వింటావని ఆవిడ ఆశ. నేను వద్దనను. పానా పట్టడం తెలిసినవాడివి, ఓపికున్నవాడివి, పని నీకొస్తుంది. నాకున్న టెన్షనల్లా ఒకటే, నువ్వు బోల్టు లాగుతున్నంతసేపూ ఆ బండి దేని మీద ఆగి ఉంటుందని.

జాకీ పని ఎత్తడం వరకేరా. ఎత్తిన బండిని మోయాల్సింది దాని కింద నిలబెట్టే ఇనప స్టాండ్లు. డిక్కీలో కంపెనీవాళ్ళు పెట్టిన జాకీ ఉంది చూశావా, అది పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. సన్నటి కాలు, ఒక్క స్క్రూ. నిలువు బరువు మోస్తుంది గానీ పక్క నుంచి తోపు తగిలితే ఒరిగిపోతుంది. నువ్వు చేసే పనంతా పక్క తోపులే. తుప్పు పట్టిన బోల్టుకి పొడుగు పానా తగిలించి ఒంటి బరువంతా వేస్తావు, ఆ ఊపు బండి మొత్తానికీ తగులుతుంది. చక్రాల మీద జరుగుతూ, హ్యాండిల్ కొడితే లేచే ట్రాలీ జాకీ గట్టిదే, కానీ అది నిలబడేది లోపలున్న నూనె ఒత్తిడి మీద. ఒక్క రబ్బరు సీలు పోయిందంటే మెల్లగానో ఒక్కసారిగానో దిగిపోతుంది. నీ స్విఫ్ట్ చిన్న బండే అనుకోకు, 900 కిలోల దరిదాపు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఇంజిన్ ఉన్న ముందువైపే.

ముందు చోటు చూసుకో. మీ సీతమ్మధార వీధి కొండవైపు ఎక్కుతూ ఉంటుంది, మీ గేటు దగ్గర ర్యాంపు ఇంకా ఏటవాలు. అక్కడ అస్సలు వద్దు. సెల్లార్‌లో సిమెంటు నేల మంచిదే, అయితే నీళ్ళు పోవడానికి అక్కడ కూడా కొంచెం వాలు ఇస్తారు. నేల మీద ఒక గోళీ వదిలి చూడు. పరుగెత్తితే ఆ చోటు వదిలెయ్. ఇంటర్‌లాక్ టైల్స్ కింద ఉండేది ఇసుకే, స్టాండు కాలు ఒక టైలు మీద పడితే అది కుంగుతుంది. తారు రోడ్డయితే మన ఎండకి మెత్తబడి కాళ్ళు దిగబడతాయి. ఏ నేలైనా సరే, స్టాండు నాలుగు కాళ్ళూ పూర్తిగా పట్టేంత మందపాటి ప్లైవుడ్ ముక్క అడుగున వెయ్యి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు మాత్రం ఎంత దొంతర పేర్చినా వద్దు. ఫ్లై యాష్ ఇటుకలు ఊళ్ళో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి చెబుతున్నాను, అవి ముందు చిన్న బీటైనా చూపించకుండా ఒక్కసారిగా పగులుతాయి.

హ్యాండ్ బ్రేక్ వేశాను కదా అని ధీమాగా ఉండకు. నీ బండిలో అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలూ గాల్లోకి లేచాక అది ఉన్నా లేనట్టే. అప్పుడు మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డుపెట్టు. ముందువైపు ఎత్తేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాల్నే, అవి గాల్లో ఉంటే గేరు పనికిరాదు. అప్పుడు హ్యాండ్ బ్రేక్, దానికి తోడు వెనక చక్రాలకి దిమ్మలు. చక్రాల నట్లు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసుకో, బండి లేచాక వాటితో కుస్తీ పట్టకూడదు.

ట్రాలీ జాకీ గురించి ఒక సంగతి చాలామందికి తట్టదు. దాని చెయ్యి నిటారుగా లేవదు, గుండ్రంగా లేస్తుంది. అందుకే అడుగున చక్రాలుంటాయి. పంపు కొడుతున్నకొద్దీ జాకీ తనే కొంచెం కొంచెంగా జరగాలి. టైల్స్ సందులోనో గులకరాయి దగ్గరో దాని చక్రం ఆగిపోయిందనుకో, జాకీ జరగలేక బండిని లాగుతుంది, లేదా జాకీ తలే జారిపోతుంది. కాబట్టి ముందు నేల ఊడ్చుకో. హ్యాండిల్ కొట్టేటప్పుడు కళ్ళు జాకీ చక్రాల మీదా తల మీదా ఉండాలి. కొంచెం ఎత్తు, ఆగు, చుట్టూ చూడు, మళ్ళీ ఎత్తు.

జాకీ ఎక్కడ పెట్టాలో బండి పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ముందు చక్రం వెనకా, వెనక చక్రం ముందూ, తలుపుల కింది అంచుకి గంట్లు కనిపిస్తాయి. మన ఊళ్ళో అక్కడ ఇంకో చూపు చూడాలి. సముద్రపు గాలికి ఆ అంచు లోపల్నుంచే తినేస్తుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టు, కొసతో గట్టిగా నొక్కు. రేకు లోపలికి పోతే ఆ చోట బరువు పెట్టకు. ఇంజిన్ ఆయిల్ సంపు కిందా, ఉత్త ఫ్లోరు రేకు కిందా జాకీ పెట్టనే కూడదు.

స్టాండ్లు కొనేటప్పుడు బరువు అంకె ఒక్క స్టాండుకా, జతకా అని చదువు. చాలావాటి మీద జతకే రాస్తారు. ఎత్తు పళ్ళ మీద ఆగే రకం స్టాండ్లయితే అడ్డంగా పిన్ను కూడా దూర్చే రకం తీసుకో. 2020లో అమెరికాలో 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు బోలెడన్ని వెనక్కి పిలిపించారు, పళ్ళు సరిగ్గా పట్టక, బరువు కదిలితే జారిపోతున్నాయని. రెండు స్టాండ్లూ ఒకే ఎత్తులో పెట్టి, జాకీని మెల్లగా వదులుతూ బరువు వాటి మీదకి దించు. ఇంకా దూరకు. బయటే నిలబడి బంపరు పట్టుకుని రెండు వైపులా గట్టిగా ఊపు. కదలాల్సిందేదైనా ఉంటే అప్పుడే కదలాలి. తర్వాత జాకీని తీసెయ్యకుండా బండికి ఆనీ ఆననట్టుగా ఉంచు. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టు.

ఆ చక్రం ఎందుకంటావేమో. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నా కళ్ళ ముందే జరిగింది. కుర్రాడు స్టాండు పెట్టకుండా బోల్టు లాగాడు, జాకీ ఒరిగింది, బండి దబ్బున పడింది. అంచు వచ్చి కింద పడుకోబెట్టిన చక్రం మీద ఆగింది. చక్రం రిమ్ము సొట్టపోయింది. కుర్రాడి మోచేతికీ రేకుకీ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది. చక్రం పడుకోబెట్టిన మేస్త్రీకి దండం పెట్టాలి.

ఇక స్ప్రింగు. ముందువైపు షాకబ్జరూ స్ప్రింగూ ఒకటిగా, స్ట్రట్‌లా ఉంటాయి. బానెట్ ఎత్తితే ఆ స్ట్రట్ పైకొస మీది కప్పు కనిపిస్తుంది. స్ట్రట్‌ని బాడీకి పట్టించే నట్టు వేరు, స్ప్రింగుని ఆపే నట్టు వేరు, నీ బండిలో ఏది ఏదో తేల్చుకున్నాకే పానా పెట్టు. స్ప్రింగుని ఆపే నట్టు జోలికి పోకు. నొక్కిపెట్టిన స్ప్రింగుని పట్టి ఉంచుతున్నది అదే. అది ఊడిందంటే కప్పూ స్ప్రింగూ ఎగిరి ముఖానికి తగులుతాయి. నువ్వు స్ట్రట్ మొత్తంగా విప్పి తీసుకుని గాజువాక పట్టుకెళ్ళు. స్ప్రింగు నొక్కే ప్రెస్సున్న షెడ్డులో కొత్త షాకబ్జరు ఎక్కించి ఇస్తారు. అద్దెకి తెచ్చిన స్ప్రింగు కంప్రెసర్‌తో ఇంట్లో ప్రయత్నించవద్దని నా మాట. విప్పేటప్పుడు బ్రేకు పైపు, చక్రం దగ్గరి సెన్సరు వైరు లాగబడకుండా చూడు.

వెనకవైపు స్ప్రింగు వేరు, షాకబ్జరు వేరు కాబట్టి సుళువే. కాకపోతే కింద బోల్టు తీసే ముందు ఆ ఇరుసు కింద జాకీ పెట్టి ఆనించు. లేకపోతే బోల్టు ఊడగానే ఇరుసు జారి, స్ప్రింగు బయటికి దూకుతుంది. ఒక పక్క బిగించాకే రెండో పక్క ముట్టుకో.

రబ్బరు బుష్షులు, అంటే కీళ్ళ దగ్గరి రబ్బరు తొడుగులు, ఉన్న బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించు. గాల్లో ఉండగా బిగిస్తే బుష్షులు మెలిపడి తొందరగా చిరుగుతాయి. చక్రాల నట్లు పుస్తకంలో రాసిన టార్క్‌కి, అంటే ఎంత బలంతో బిగించాలో ఆ లెక్కకి, బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసుకో. ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పదు.

శనివారం సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. ఆదివారం పని చేసేంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు నిన్ను చూస్తూ ఉండాలి, పిల్లలు మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకూడదు. స్టాండ్లు నా దగ్గర రెండు జతలున్నాయి, పిన్నులతో సహా. అత్తయ్యకి చెప్పి ఉంచాను, శనివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య